మోచేతి దగ్గర పది సెంటీమీటర్లు

"చెయ్యి తిమ్మిరెక్కుతాంది సార్" అని వచ్చిన మనిషిని ఏ వేళ్లని అడక్కుండానే మెడకు ఎమ్మారై రాసివ్వడం మన కర్నూలు, అనంతపురం, కడపల్లో మామూలైపోయింది. నలభై దాటిన మెడను ఎమ్మారై తీస్తే ఏదో ఒక డిస్కు కాస్త ఉబ్బి కనబడటం సర్వసాధారణం. తిమ్మిరికి ఆ ఉబ్బే కారణమని రుజువు లేకపోయినా వైద్యం మాత్రం దానికే మొదలవుతుంది. మెడకు పట్టీ, మెడను బరువుతో లాగి పెట్టే ట్రాక్షను, నెలల తరబడి మాత్రలు. ఈలోగా మోచేతి దగ్గర నలుగుతున్న నరం నలుగుతూనే ఉంటుంది.

ఎవరో ఒకరు ఎన్‌సీవీ పరీక్ష, అంటే జనం భాషలో కరెంటు పెట్టే టెస్టు, రాసిచ్చారనుకుందాం. నరానికి ఒకచోట చిన్న కరెంటు పోటు పెట్టి, అది నరం వెంబడి ఎంత వేగంగా నడిచిందో కొలిచే పరీక్ష ఇది. అక్కడితో సగం పనే అయినట్టు. చేతికొచ్చే రిపోర్టులో పైన అంకెల పట్టిక, కింద "మోచేతి వద్ద అల్నార్ నరం దెబ్బతిన్నది" అని ఒక్క వాక్యం ఉంటాయి. చెయ్యి ఎంత వంచి పెట్టి చేశారో ఉండదు. మోచేతి మీదుగా ఎన్ని సెంటీమీటర్లు కొలిచారో, చర్మం ఎంత వెచ్చగా ఉందో ఉండదు. కరెంటుకు కండ స్పందించినప్పుడు తెరమీద వచ్చే తరంగాల బొమ్మలు చాలాసార్లు అచ్చేయరు. ఆ ఒక్క వాక్యం చూసి ఆపరేషనుకు ఒప్పుకోవడమూ తప్పే, ఆ వాక్యం లేదు కాబట్టి జబ్బే లేదనుకోవడమూ తప్పే. ఈ పరీక్షకు మెషీను ఎంత ఖరీదుదన్నది రెండో సంగతి, దూరం కొలిచే టేపు ఎలా పట్టారన్నది మొదటిది. అందుకే దీనికోసం బెంగళూరు బస్సెక్కనక్కర్లేదని నా వాదన. సరిగ్గా చేస్తే ఇక్కడ చేసిందే సరిపోతుంది, సరిగ్గా చేయకపోతే ఎక్కడ చేసినా పనికిరాదు.

మోచెయ్యి గోడకు తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుందే, ఆ నరం పేరే అల్నార్. మోచేతి లోపలివైపు చేతికి తగిలే ఎముక బొడిపె వెనక ఒక గాడి ఉంటుంది. నరం ఆ గాడిలోంచి దిగుతుంది. అక్కడ దాని మీద చర్మం, కాస్త కొవ్వు తప్ప కాపు లేదు. గాడి దాటాక ఒకటి రెండు సెంటీమీటర్లకే ముంజేతి కండ రెండు తలల మధ్య గట్టి పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది, నరం దాని కిందకు దూరుతుంది. ఈ సొరంగానికి 1958లో ఫీండెల్, స్ట్రాట్‌ఫర్డ్ అనే కెనడా వైద్యులు క్యూబిటల్ టనెల్ అని పేరు పెట్టారు. మోచెయ్యి వంచిన కొద్దీ పట్టీ బిగుసుకుంటుంది, సొరంగం ఇరుకవుతుంది, నరం సాగుతుంది. చెవి దగ్గర ఫోను పెట్టుకుని అరగంట మాట్లాడటం, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవడం, బస్సు కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించి కర్నూలు నుంచి హైదరాబాదు దాకా కూర్చోవడం, ఇవన్నీ ఈ నరానికి పరీక్షలే. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్నా, బేతంచెర్ల బండల పాలిషింగు దగ్గర మెషీను బిగబట్టి పట్టుకున్నా, గంటల తరబడి మోచెయ్యి వంచి చేసే పని ఏదైనా అంతే. చేతి నరాలు ఇరుకున పడే జబ్బుల్లో మణికట్టు దగ్గర మీడియన్ అనే మరో చేతి నరానిది మొదటి స్థానమైతే, మోచేతి దగ్గర అల్నార్‌ది రెండోది.

మెషీను ఆన్ చేయకముందే చేతివేళ్లతో తేల్చగలిగింది చాలా ఉంది. మొదట ఏ వేళ్లో అడగాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో చిటికెన వైపు సగం మొద్దుబారి, రెండో సగం బాగుంటే అది అల్నార్ నరమే. మెడలోని నరపు వేరు చెడితే ఉంగరపు వేలు అలా నిట్టనిలువునా చీలినట్టు ఉండదు. తర్వాత చేతి వెనకవైపు, చిటికెన వేలికి పైన ఉండే చర్మాన్ని దూదితో తాకి చూడాలి. ఆ చోటికి వెళ్లే కొమ్మ మణికట్టుకు సుమారు 5 నుంచి 8 సెంటీమీటర్ల పైనే ప్రధాన నరం నుంచి విడిపోతుంది. అక్కడ స్పర్శ తగ్గితే దెబ్బ మణికట్టులో కాదు, దానికన్నా పైన. ముంజేతి లోపలి అంచు మొత్తం మొద్దుబారితే మాత్రం మోచేతిని వదిలి మెడ, చంక వైపు వెతకాలి, ఎందుకంటే ఆ చర్మానిది వేరే నరం.

ఒక కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలి పక్కకూ మధ్య పట్టుకోమని, లాగి చూడండి. అల్నార్ బలహీనపడితే బొటనవేలు చదునుగా నొక్కలేక, చివరి కణుపు దగ్గర కొక్కెంలా వంగుతుంది. చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బుగా ఉండాల్సిన కండ గుంట పడిందా, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడాలి. జేబులో చెయ్యి పెడుతుంటే చిటికెన వేలు ఒక్కటే బయట తగులుకుంటోందని చెప్పేవాళ్లుంటారు. అది ఊరకే చెప్పిన మాట కాదు, వేళ్లను దగ్గరకు చేర్చే కండ చెడిందని అర్థం.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చెప్పాలి. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాలు మోచేతి అల్నార్ అనగానే నరం ఇరుకున పడటం గురించే రాస్తాయి. మన దగ్గర అది చాలదు. కుష్ఠు వ్యాధి ఎక్కువగా పట్టే నరం కూడా ఇదే, పట్టే చోటు కూడా మోచేతికి కాస్త పైనే. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తంమీద పదివేల మందికి ఒకరికన్నా తక్కువకు వచ్చిందన్న లెక్కతో, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిందని ప్రకటించారు. తొలగింది సమస్య స్థాయి, జబ్బు కాదు. ఈనాటికీ కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. అందుకే ఎలక్ట్రోడ్ అతికించే ముందు మోచెయ్యి వంచి, బొడిపె వెనకా దానికి నాలుగైదు సెంటీమీటర్ల పైనా నరాన్ని వేలి కొసలతో దొర్లించి చూడాలి, రెండో చేతితో పోల్చాలి. మామూలు నరం మెత్తటి దారంలా జారుతుంది. కుష్ఠులో అది తాడులా లావెక్కి, గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. ఒంటి మీద స్పర్శ లేని, రంగు తగ్గిన మచ్చ ఉందేమో చొక్కా విప్పించి చూడాలి. మచ్చే లేకుండా నరాలకు మాత్రమే వచ్చే రకం కూడా ఉంది, కాబట్టి మచ్చ లేదని కుష్ఠును కొట్టిపారేయకూడదు.

ఇది కనిపెట్టకుండా సొరంగం కోసి వదులు చేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. కనిపెడితే బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో. నరం వాచి పని తగ్గుతుంటే స్టెరాయిడ్ మాత్రలు సమయానికి మొదలుపెట్టడం చేతిని కాపాడుతుంది. పరీక్షలోనూ తేడా కనిపిస్తుంది. ఇరుకున పడిన నరంలో వేగం తగ్గేది గాడి దగ్గర, పట్టీ కింద. కుష్ఠులో ఆ తగ్గుదల గాడికి ఇంకా పైకి పాకుతుంది. బొడిపెకు ఏడెనిమిది సెంటీమీటర్ల పైన కరెంటు పెట్టడం ఆపేస్తే ఆ భాగం మొత్తం తప్పిపోతుంది. రాయలసీమలో ఈ పరీక్ష చేసేవాళ్లు చంక దగ్గర కూడా ఒక పాయింటు పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఒక్క నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక పరీక్ష. వచ్చే మనిషి చేతికి కొబ్బరినూనె, క్రీము రాసుకోకూడదు. గాజులు, కడియం, ఉంగరాలు తీసేయాలి, చేతులు పైకి మడిచేందుకు వీలుగా వదులు చొక్కా వేసుకోవాలి. ఖాళీ కడుపుతో రానక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, గుండెలో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. "షాకు పెడతారంట" అనే భయం చాలామందికి ఉంటుంది. ఒక్కో కరెంటు పోటు 0.1 లేదా 0.2 మిల్లీసెకన్లే ఉంటుంది, అంటే సెకనులో పదివేలో వంతు లేదా ఐదువేలో వంతు. చురుక్కుమంటుంది, చెయ్యి ఎగురుతుంది, ఆ తర్వాత ఏమీ మిగలదు. "అన్నా, చెయ్యి వదులుగా వెయ్యి, ఎగిరితే ఎగరనీ, నువ్వు ఆపాకు" అని ముందుగా ఒక మాట చెబితే సగం పరీక్ష సులువవుతుంది. భయంతో కండ బిగబట్టిన చేతిలో తరంగం మొదలెక్కడో గుర్తుపట్టడం కష్టం.

రికార్డింగు ఎలక్ట్రోడ్ చిటికెన వేలిని బయటికి లాగే కండ మధ్యన, అంటే అరచేతి చిటికెన వైపు అంచున, మణికట్టు ఎముకకూ వేలి మొదలుకూ నడిమధ్యన పెడతారు. రెండో ఎలక్ట్రోడ్ వేలి మొదటి కీలు మీద, ఎర్తు చేతి వెనక. చర్మాన్ని స్పిరిటుతో తుడిచి, కాస్త గరుకు పేస్టుతో రుద్దాలి. రుద్దకపోతే 50 హెర్ట్జ్ కరెంటు గోల తెరమీద అలలు అలలుగా వస్తుంది. పాత బిల్డింగుల్లో ఎర్తింగు సరిగా లేనిచోట ఇది మరీ ఎక్కువ. అప్పుడు ఫిల్టరు బిగించి గోలను దాచేయడం సులువే కానీ, ఫిల్టరు తరంగం ఆకారాన్ని కూడా మార్చేస్తుంది. ముందు చర్మం, ఆ తర్వాత ఎర్తు, పక్కనున్న ఫోను ఛార్జరు, ట్యూబులైటు చూసుకోవాలి. మే నెల చెమట ఇంకో ఇబ్బంది. కరెంటు పెట్టే రెండు మొనల మధ్య చెమట, జెల్ కలిసిపోతే కరెంటు నరంలోకి దిగకుండా చర్మం మీదే పారిపోతుంది. ప్రతి పాయింటు దగ్గరా తుడిచి పెట్టాలి.

చర్మం వేడి గురించి రిపోర్టుల్లో దాదాపు ఎవరూ రాయరు. చెయ్యి కనీసం 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఒక్కో డిగ్రీ తగ్గితే నరం వేగం సెకనుకు సుమారు రెండు మీటర్లు తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున బస్సు దిగి అనంతపురంలో నేరుగా పరీక్షకు వచ్చిన చెయ్యి, ఏసీ గదిలో గంటసేపు వరసలో కూర్చున్న చెయ్యి జబ్బు లేకుండానే నెమ్మదిస్తాయి. చెయ్యి మొత్తం చల్లబడింది కాబట్టి మణికట్టు దగ్గరా, ముంజేతిలోనూ, మీడియన్‌లోనూ అన్నింటా నెమ్మదిస్తుంది. చూసేవాడు తొందరపడితే దానికి షుగరు నరాల జబ్బని పేరు పెట్టేస్తాడు. గోరువెచ్చటి నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచి, తుడిచి, మళ్లీ కొలిస్తే తేలిపోయే సంగతి ఇది.

ఇప్పుడు మోచెయ్యి. అమెరికా ఎలక్ట్రోడయాగ్నొస్టిక్ వైద్యుల సంఘం 1999లో ఇచ్చిన మార్గదర్శకంలో చెయ్యి 70 నుంచి 90 డిగ్రీల వంపులో ఉండాలని, మోచేతి మీదుగా కొలిచే దూరం 10 సెంటీమీటర్లు ఉండాలని చెప్పింది. ఈ రెండు మాటల వెనకున్న లెక్క అర్థమైతే చాలు, ఎన్నో తప్పుడు రిపోర్టులను మీరే పట్టేయగలరు.

చెయ్యి చాపి ఉంచితే గాడిలో నరం వదులై కొంత మడత పడి ఉంటుంది. పైన చర్మం మీద టేపు పెడితే 10 సెంటీమీటర్లు వచ్చినచోట లోపల నరం అంతకన్నా పొడవుంటుంది. తక్కువ దూరాన్ని సమయంతో భాగిస్తే వేగం లేనిపోని విధంగా తక్కువ వస్తుంది, మంచి నరం కూడా చెడ్డదైపోతుంది. మరీ ఎక్కువగా వంచితే కొందరిలో నరం బొడిపె మీదుగా ముందుకు జారుతుంది. అప్పుడు టేపు వెనకనుంచి చుట్టి కొలిచిన దూరం నరం నడిచిన దారికన్నా ఎక్కువ, వేగం లేనంత ఎక్కువ, చెడిన నరం మంచిదైపోతుంది. లంబకోణానికి కొంచెం లోపల వంచి పెట్టినప్పుడే టేపు, నరం ఒకే దారిన నడుస్తాయి.

వంచాక పెన్నుతో గుర్తులు పెట్టాలి. కింది పాయింటు బొడిపెకు 3 సెంటీమీటర్ల కింద. అంతకన్నా దిగితే నరం కండ లోతుల్లోకి వెళ్లిపోతుంది, ఎంత కరెంటు పెట్టినా పూర్తిగా అందదు. పై పాయింటు బొడిపెకు 7 సెంటీమీటర్ల పైన. టేపును గాడి వంపు వెంబడే పట్టాలి, అడ్డదారిన తిన్నగా లాగకూడదు. కరెంటు పెట్టిన భంగిమలోనే కొలవాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే ఉంది: వంచి కరెంటు పెడతారు, చెయ్యి చాపించి టేపు పెడతారు. చెయ్యి కదలగానే చర్మం నరం మీద జారుతుంది, గుర్తు ఉన్నచోటే ఉన్నట్టు కనిపించినా కింద నరం మీది చోటు మారిపోతుంది.

ఆ తప్పు ఎంత పెద్దదో చూడండి. మంచి నరం 10 సెంటీమీటర్లు దాటడానికి 1.9 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. 100 మిల్లీమీటర్లను 1.9తో భాగిస్తే సెకనుకు 52.6 మీటర్లు, మామూలే. అదే చోట టేపు తిన్నగా లాగి 8.5 సెంటీమీటర్లని రాశారనుకుందాం. 85ను 1.9తో భాగిస్తే 44.7. ఒకటిన్నర సెంటీమీటరు పోయినందుకు మనిషికి జబ్బొచ్చేసింది. కరెంటు పెట్టే పరికరంలో మైనస్ మొన చేతివేళ్ల వైపు ఉండాలి. పొరపాటున తిప్పి పట్టుకుంటే రెండు మొనల మధ్య దూరం, అంటే రెండు మూడు సెంటీమీటర్లు, అలాగే లెక్కలో కలిసిపోతాయి.

మరి ఇంత గొడవ లేకుండా ఇంకా పొడవు కొలవొచ్చు కదా అంటారు. దానికీ ధర ఉంది. నరం నలిగిన చోటు ఒకటి రెండు సెంటీమీటర్లే. అక్కడ 0.6 మిల్లీసెకన్లు ఆలస్యమైందనుకోండి. 10 సెంటీమీటర్ల కొలతలో 1.8 మిల్లీసెకన్లు కాస్తా 2.4 అయి, వేగం 55.6 నుంచి 41.7కు పడిపోతుంది, తప్పించుకోలేదు. అదే ఆలస్యాన్ని 25 సెంటీమీటర్ల మీద పరిస్తే 4.5 కాస్తా 5.1 అయి, వేగం 49 దగ్గర నిలబడుతుంది. చూసినవాడికి అనుమానం రాదు. పొట్టి కొలతలో టేపు తప్పులు పెరుగుతాయి, పొడుగు కొలతలో జబ్బు కరిగిపోతుంది. పది సెంటీమీటర్లు ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ.

ప్రతి పాయింటు దగ్గరా కండ స్పందన ఇక పెరగనంత వరకు కరెంటు పెంచి, ఆపైన ఇంకో 20 శాతం పెట్టాలి. మోచేతి కింద నరం కాస్త లోతున ఉంటుంది కాబట్టి మణికట్టు కన్నా ఎక్కువ కరెంటు కావాలి. మనిషి నొప్పికి ముఖం చిట్లించాడని ముందే ఆపేస్తే తరంగం చిన్నదిగా వస్తుంది, నరంలో అడ్డంకి ఉందని తప్పుగా అచ్చవుతుంది. మితిమీరి పెంచితే పక్కనున్న మీడియన్ కూడా లేస్తుంది. బొటనవేలు ఎటు ఎగురుతోందో, తరంగం ఆకారం ఒక్కసారిగా మారిందేమో కళ్లు పెట్టి చూడాలి.

అంకెలు ఎలా చదవాలో ఒక ఉదాహరణ. మణికట్టు దగ్గర కరెంటు పెట్టినప్పుడు తరంగం 2.9 మిల్లీసెకన్లకు, మోచేతి కింద 6.7కు, మోచేతి పైన 9.3కు మొదలైంది. ముంజేతి దూరం 220 మిల్లీమీటర్లు, మోచేతి మీద 100. ముంజేతిలో వేగం 58, మోచేతి దగ్గర 38.5. తరంగం ఎత్తు మోచేతి కింద 8.6 మిల్లీవోల్టులు, పైన 5.9. ఆ 1999 మార్గదర్శకం చూడమన్నవి నాలుగు: మోచేతి వేగం సెకనుకు 50 మీటర్లకన్నా తక్కువ కావడం, ముంజేతి వేగంకన్నా 10 మీటర్లకు మించి తగ్గడం, తరంగం ఎత్తు 20 శాతానికి మించి పడిపోవడం, ఆకారం గుర్తించదగ్గంతగా మారడం. ఈ ఉదాహరణలో 50 దాటలేదు, తేడా 19, ఎత్తు 31 శాతం పడింది. ఇలా రెండు మూడు ఒకే చోటును వేలెత్తి చూపిస్తే నమ్మొచ్చు. ఒక్క వేగం మాత్రమే 48 వచ్చి, మిగతావన్నీ శుభ్రంగా ఉంటే నేనైతే ముందు టేపునే అనుమానిస్తాను. సన్నగా, ఎముకలు తేలినట్టుండే వాళ్లలో చర్మం మీది దూరం తక్కువ వచ్చి వేగం తగ్గినట్టు కనిపిస్తుంది, లావుపాటి చేతుల్లో దీనికి తలకిందులు. రోజంతా కష్టం చేసి సన్నబడ్డ చేతుల్ని చూసేటప్పుడు ఇది మరీ గుర్తుండాలి.

కొందరి ముంజేతిలో మీడియన్ నరం నుంచి కొన్ని పోగులు అల్నార్‌లోకి దాటుతాయి. మార్టిన్-గ్రూబర్ అనే ఈ అడ్డదారి వందలో పదిహేను నుంచి ముప్పైమందికి పుట్టుకతోనే ఉంటుంది, అది జబ్బు కాదు. వీళ్లలో మణికట్టు దగ్గర తరంగం 10 మిల్లీవోల్టులు, మోచేతి కిందా పైనా 7 చొప్పున వస్తుంది. ముంజేతిలో నరం తెగిందేమో అనిపిస్తుంది. మోచేతి మడత దగ్గర మీడియన్‌కు కరెంటు పెట్టి, చిటికెన కండ నుంచే చూస్తే తప్పిపోయిన 3 మిల్లీవోల్టులు అక్కడ దొరుకుతాయి. అరుదుగా ఆ దాటు మోచేతికి బాగా దగ్గరగా ఉండి, ఎత్తు తగ్గుదల సరిగ్గా మోచేతి దగ్గరే కనిపిస్తుంది. ఆపరేషను మాట ఎత్తేముందు ఈ ఒక్క పరీక్ష చేయించారా అని అడగండి.

చిటికెన కండ దగ్గర ఏమీ తేలకపోతే బొటనవేలు, చూపుడువేలి మధ్య కండ నుంచి మళ్లీ చేయాలి. నరంలో పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఆ కండకు పోయే కట్ట ముందు నలిగి, చిటికెన కట్ట బాగుండటం తరచూ జరుగుతుంది. అప్పటికీ సందేహముంటే సెంటీమీటరు సెంటీమీటరు చొప్పున బొడిపెకు 3 కింద నుంచి 7 పైదాకా పది అడుగులు వేయాలి. మంచి నరం సెంటీమీటరుకు 0.2 మిల్లీసెకన్లకు అటూ ఇటూ తీసుకుంటుంది. ఎక్కడైనా ఒక్క అడుగులో 0.4 దాటి, అక్కడే తరంగం ఎత్తు కూడా పడితే చోటు దొరికినట్టే. బొడిపె దగ్గరే అయితే గాడిలో, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల కింద అయితే పట్టీ కింద. ఇది ఓపిక పని, పావుగంట పడుతుంది. కానీ కోసేవాడికి ఎక్కడ కోయాలో చెప్పేది ఇదే. పట్టీ ఒక్కటి విప్పితే చాలే చోట నరాన్ని పూర్తిగా తీసి ముందుకు మార్చి పెట్టనక్కర్లేదు. మామూలు కేసుల్లో రెండు ఆపరేషన్ల ఫలితం దాదాపు ఒకటేనని, మార్చి పెట్టే దాంట్లో గాయం చీము పట్టడం ఎక్కువని రెంటినీ పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి.

స్పర్శ నరాన్ని చిటికెన వేలికి రింగు ఎలక్ట్రోడ్లు వేసి చూస్తారు. మెడా మోచెయ్యా అన్న వాదన తేలేది ఇక్కడే. స్పర్శ పోగుల కణాలు ఉండే గడ్డ వెన్నుపూస రంధ్రం దగ్గర ఉంటుంది. డిస్కు ఆ గడ్డకు లోపలివైపు నరపు వేరును నొక్కితే, చెయ్యి మొద్దుబారినా చిటికెన వేలి స్పర్శ తరంగం చెక్కుచెదరకుండా వస్తుంది. గడ్డకు బయట, మోచేతి దగ్గర పోగులు చచ్చిపోతే తరంగం కుంగిపోతుంది. మొద్దుబారిన వేలు, కుంగిన తరంగం చేతిలో పెట్టుకుని మెడకు పట్టీ వేయడానికి కారణమే లేదు. షుగరు ఉన్నవాళ్లలో కాలి సూరల్ నరాన్ని, రెండో చేతిని, అదే చేతి మీడియన్‌ను కూడా చూడాలి. అన్నీ కుంగితే అల్నార్ ఒక్కదాని మీదే నింద వేయలేం.

సూది పరీక్ష, అంటే ఈఎంజీ, అందరికీ అక్కర్లేదు. కండ తగ్గినవాళ్లకు, మెడ అనుమానం మిగిలినవాళ్లకు కావాలి. అల్నార్ కండలతో పాటు అదే మెడ వేరు నుంచి వచ్చి మీడియన్, రేడియల్ నరాల ద్వారా పనిచేసే కండలనూ గుచ్చి చూడాలి. అవీ చెడితే మెడ, అవి బాగుంటే మోచెయ్యి. మణికట్టును వంచే అల్నార్ కండ చాలాసార్లు బాగానే ఉంటుంది, దాన్ని చూసి మోచేతి జబ్బును కొట్టేయకూడదు. కింద పడి మోచెయ్యి దెబ్బతిన్న వారానికే పరీక్ష చేయిస్తే అంతా తికమకే. తెగిన నరం కింది ముక్క కూడా అయిదారు రోజులు కరెంటుకు స్పందిస్తూనే ఉంటుంది, సూదిలో కండ చచ్చిన గుర్తులు రెండు మూడు వారాలకు గానీ రావు. మూడు వారాలు ఆగి చేయించడం మేలు.

అంతా సరిగ్గా చేసినా కొందరి పరీక్ష మామూలుగానే వస్తుంది. రాత్రిళ్లు మాత్రమే తిమ్మిరెక్కి, పొద్దున విదిలిస్తే పోయేవాళ్లలో నరం ఇంకా చెడలేదు, ఒత్తిడి మాత్రమే ఉంది. రిపోర్టు నార్మలని వాళ్లను కసురుకోకూడదు. తువ్వాలును మోచేతి చుట్టూ మందంగా చుట్టి, రాత్రి చెయ్యి పూర్తిగా మడత పడకుండా పడుకోమనాలి. బల్ల మీద, కిటికీ మీద మోచెయ్యి ఆనించొద్దనాలి, ఫోనుకు ఇయర్‌ఫోను వాడమనాలి. తేలిక జబ్బున్న చాలామందికి రెండు మూడు నెలల్లో ఇదే సరిపోతుంది.

ఆపరేషను నిర్ణయంలో వేగంకన్నా తరంగం ఎత్తుకు ఎక్కువ విలువ ఇవ్వాలి. మణికట్టు దగ్గర ఎత్తు బాగుండి మోచేతి పైన పడిపోతే, పోగులు బతికే ఉన్నాయి, పైనున్న మైలిన్ పొర మాత్రమే నలిగింది. ఒత్తిడి తీస్తే వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. మణికట్టు దగ్గరే ఎత్తు కుంగితే పోగులే చచ్చాయి. అవి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. మోచేతి నుంచి బొటనవేలు, చూపుడువేలి మధ్య కండ దాకా సుమారు 25 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది తొమ్మిది నెలలు. కండ ఏడాదిన్నర దాకా నరం లేకుండా ఉంటే, నరం వచ్చినా అది మళ్లీ లేవదు. గుంట పడిన చేతికి మాత్రలు రాసి ఆరు నెలలకు రమ్మనడం అందుకే అన్యాయం.

ఆపరేషను తర్వాత మళ్లీ పరీక్ష చేయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వేలికి స్పర్శ వచ్చి, కాగితం గట్టిగా పట్టుకోగలిగినా, మోచేతి వేగం 50 దాటకపోవచ్చు, ఏళ్లైనా అలాగే ఉండొచ్చు. మైలిన్ మళ్లీ పలచగా కట్టుకుంటుంది, పాత వేగం తిరిగి రాదు. అందుకే పాత రిపోర్టును తరంగాల బొమ్మలతో సహా దాచుకుని తీసుకెళ్లాలి. అదే వంపులో, అదే పది సెంటీమీటర్లలో, అదే వెచ్చదనంలో మళ్లీ చేయమని అడిగి, మణికట్టు దగ్గరి తరంగం ఎత్తు పెరిగిందా లేదా చూపించమనాలి.